బావమరిది, కేదార్‌తాల్, ఉత్తరం చివర మూడు వాక్యాలు

విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు కాబట్టి ఆనవాళ్లు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆయన వయసు 52, ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం. ఒక్కగానొక్క కూతురికి 24 ఏళ్లు, బెంగళూరులో పనిచేస్తోంది. ఇంటర్ చదివే రోజుల్లో ఆ అమ్మాయి తన బల్ల పైన గోడకు ఒక ఫొటో అంటించుకుంది. అందులో రాళ్ల గుట్టల నడుమ ఒక నీలి సరస్సు, దాని వెనుక నిటారుగా లేచిన మంచు శిఖరం. అది గంగోత్రి పైన ఉన్న కేదార్‌తాల్. "నీకు ఉద్యోగం వచ్చాక ఇద్దరం వెళ్దాం" అని తండ్రి అప్పట్లో మాట ఇచ్చారు. ఈ దసరా సెలవుల్లో ఆ మాట చెల్లించుకోవాలని ఇద్దరూ అనుకున్నారు. సంగతి తెలిసిన భార్య మాత్రం, "మా తమ్ముడు వెంట ఉంటేనే కదలండి, లేకపోతే ఇద్దరూ ఇంట్లోనే ఉండండి" అని పట్టుబట్టారు. ఆ తమ్ముడు గాజువాకలో చిన్న కాంట్రాక్టులు చేసే మనిషి. వయసు 46, బరువు 96 కిలోలు. బీపీ మాత్రలు గుర్తున్న రోజున వేసుకుంటారు, సాయంత్రం రెండు పెగ్గులు మాత్రం ఏ రోజూ మరిచిపోరు. అక్క అడిగిన మరునాడే ఆయన డెహ్రాడూన్‌లోని ఒక ట్రెక్కింగు నిర్వాహకుడికి ముగ్గురి తరఫునా 30,000 రూపాయలు అడ్వాన్సు కట్టేశారు. బూట్లు, చలికోటు కొనేశారు, బంధువులందరికీ చెప్పేశారు. నడక మాత్రం ఇంతవరకూ మొదలుపెట్టలేదు. "మామయ్య వస్తే నేను రాను నాన్నా, ఇది మనిద్దరి ప్రయాణం" అని కూతురు ఫోన్లో తేల్చి చెప్పేసింది.

అక్క దగ్గర తమ్ముణ్ణి కాదనలేక, కూతురి దగ్గర మాట తప్పలేక, అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నానని ఆయన రాశారు. బావమరిదిని నొప్పించకుండా ఎలా మాన్పించాలి? కుదరకపోతే ఆయన్ని కూడా తీసుకెళ్లి మొదటి మకాంలో ఆపి, మేమిద్దరం పైకి వెళ్లవచ్చా? ఇవీ ఆయన ప్రశ్నలు. తన ఆరోగ్యం గురించి బెంగ లేదని, ఈ ఏడాది సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచానని కూడా రాశారు. చివరి పేజీ అడుగున, సంతకానికి ముందు, మూడు వాక్యాలు ఉన్నాయి. ఆరేళ్ల కిందట ఆఫీసు మిత్రులతో లేహ్‌కు విమానంలో వెళ్లినప్పుడు మొదటి రాత్రి విపరీతమైన తలనొప్పితో, వాంతులతో తెల్లవార్లూ నిద్రపోలేదట. అదే భోజనం చేసిన మిగిలినవారికి ఏమీ కాకపోయినా, అందరూ తిండి పడలేదని అనుకున్నారట. ఇంట్లోనూ అదే చెప్పారట.

అయ్యా, మీ ఉత్తరంలో ఆరున్నర పేజీలు మీ బావమరిది గారి గురించి, ఆ మూడు వాక్యాలు మీ గురించి. నేను ఆ మూడు వాక్యాల దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే మీరు అడిగిన రెండు ప్రశ్నల జవాబులూ వాటి మీదే ఆధారపడి ఉన్నాయి.

నేను వైద్యుణ్ణి కాను, ఉత్తరం చదివి రోగం ఫలానా అని తేల్చడం తప్పు. అయినా లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రం పక్కన ఉండే మనిషి విమానంలో నేరుగా అక్కడ దిగితే, చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల్లోపు తలనొప్పి, వికారం, ఆకలి చచ్చిపోవడం, నిద్ర పట్టకపోవడం మొదలవడం బాగా తెలిసిన విషయమే. తిండి పడకపోయినా వాంతులు అవుతాయి, నిజమే. కానీ అదే భోజనం చేసిన మిగిలినవారికి ఏమీ కాలేదని మీరే రాశారు. పైకి పోయేకొద్దీ గాలిలో ఆక్సిజన్ వాటా తగ్గదు, ఎక్కడైనా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. 4,750 మీటర్ల దగ్గర ఉన్న కేదార్‌తాల్ ఒడ్డున ఆ ఒత్తిడి మన ఆర్కే బీచిలో ఉన్నదానిలో దాదాపు 57 శాతమే ఉంటుంది, కాబట్టి ఒక్కో ఊపిరికి మీకు అందేది ఇక్కడ అందేదానిలో సగానికి కాస్త ఎక్కువ. శరీరం దీనికి అలవాటు పడగలదు, అయితే అందుకు రోజులు కావాలి. ఎవరికి ఎన్ని రోజులు కావాలన్నది వారి కాళ్ల బలాన్ని బట్టి తెలియదు. సింహాచలం మెట్లు ఆగకుండా ఎక్కే పాతికేళ్ల కుర్రవాడు 3,500 మీటర్ల దగ్గర కుప్పకూలవచ్చు, పొట్ట ఉన్న పెద్దాయన హాయిగా నిద్రపోవచ్చు. ముందుగా అంచనా వేయడానికి వైద్యులు అన్నిటికన్నా ఎక్కువ విలువనిచ్చేది, ఆ మనిషికి మునుపు ఎత్తున ఏం జరిగింది అన్న సంగతికి. మీకు జరిగింది. దాన్ని మీరు సంతకం పైన దాచారు.

గిరి ప్రదక్షిణ పూర్తి చేసినందుకు నా అభినందనలు. ఆషాఢపు ఉక్కలో 32 కిలోమీటర్లు నడవడం చిన్న విషయం కాదు. మీ మోకాళ్లు, పాదాలు, పట్టుదల అన్నీ సరిగ్గా ఉన్నాయని అది చెబుతుంది. కానీ ఆ దారంతా సముద్రమట్టానికి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి ఎత్తు గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు. ఆ మాటకొస్తే మన తూర్పు కనుమల్లో అన్నిటికన్నా పెద్ద శిఖరాలు కూడా 1,700 మీటర్లు దాటవు, ఈ ఇబ్బంది మొదలయ్యేది మామూలుగా 2,500 మీటర్ల పైన. అరకు వెళ్లినా, లంబసింగి వెళ్లినా చలికి అలవాటు పడవచ్చునేమో గాని పలుచని గాలికి అలవాటు పడలేం.

ఇక్కడ మీకు కొంచెం కటువుగా తోచే మాట ఒకటి చెప్పాలి. మీ బావమరిది గారు రావడం మీకు ఇబ్బందే, సందేహం లేదు. అయినా ఆయన గురించి రాసిన పేజీలు చదువుతుంటే, ఆయన రావడం మీకు ఒక విధంగా ఊరట కూడానేమో అనిపించింది. ఆయన వస్తే అందరికన్నా వెనుక నడిచేది ఆయన, ముందుగా ఆయాసపడేది ఆయన, వెనక్కి తిరగాల్సి వస్తే కారణం ఆయన. అప్పుడు మీ తలనొప్పి ఎవరికీ కనిపించదు. "మొదటి మకాంలో ఆయన్ని ఆపి" అన్న ఆలోచనలో, ఆయనతో పాటు మీరూ ఆగిపోవడానికి ఒక సందు ఉన్నట్టు నాకు తోచింది. ఇది నా ఊహ మాత్రమే, తప్పయితే మన్నించండి. నిజమైతే మాత్రం, బావమరిదిని ఎలా మాన్పించాలి అన్న ప్రశ్నను పక్కన పెట్టి, లేహ్ సంగతి ఇంట్లో ఎలా చెప్పాలి అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి.

ఇప్పుడు ఆ నిర్వాహకుడు పంపిన కార్యక్రమం చూద్దాం. మొదటి రోజు విమానంలో డెహ్రాడూన్, అక్కడ రాత్రి. రెండో రోజు జీపులో తొమ్మిది పది గంటలు కూర్చుని గంగోత్రి. మూడో రోజు నడక దారిలో మొదటి మకాం భోజ్‌ఖరక్, నాలుగో రోజు రెండో మకాం కేదార్‌ఖరక్, అయిదో రోజు సరస్సు చూసి మళ్లీ కేదార్‌ఖరక్, ఆరో రోజు గంగోత్రికి దిగడం, ఏడు డెహ్రాడూన్, ఎనిమిది విశాఖ. కాగితం మీద ముచ్చటగానే ఉంది. దాని పక్కన మీరు పడుకునే ఎత్తులు రాసుకోండి: డెహ్రాడూన్ 640 మీటర్లు, గంగోత్రి సుమారు 3,050, భోజ్‌ఖరక్ సుమారు 3,780, కేదార్‌ఖరక్ సుమారు 4,270. ఒక్క జీపు ప్రయాణంలో 2,400 మీటర్లు ఎక్కి, మరునాడు ఇంకో ఏడు వందలు, ఆ మరునాడు ఇంకో అయిదు వందలు. వైద్యులు చెప్పే సాధారణ సూత్రం ఏమిటంటే, 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తున ఇంకో రాత్రి ఉండాలి. పగలు ఎంత పైకి వెళ్లి వచ్చినా అంత నష్టం లేదు, రాత్రి తల పెట్టుకునే చోటే లెక్క. ఈ లెక్కన మీ కార్యక్రమం మీకే కాదు, ఏ జబ్బూ లేని మీ అమ్మాయికి కూడా తొందరపాటే. లేహ్‌లో మీకు జరిగింది తెలిసిన ఏ వైద్యుడూ దీనికి సరే అనడు.

రోజులు పెంచితే కథ మారుతుంది. డెహ్రాడూన్ నుంచి మొదట ఉత్తరకాశీలో ఒక రాత్రి పడుకోండి, అది 1,150 మీటర్లే. తరువాత హర్సిల్‌లో ఒక రాత్రి. 2,600 మీటర్ల దగ్గర భాగీరథి ఒడ్డున ఉన్న ఊరు, అక్టోబరు అంటే ఆపిల్ కోతల రోజులు, ఊరికే కూర్చున్నా పొద్దుపోతుంది. గంగోత్రిలో రెండు రాత్రులు ఉండి, మధ్య రోజున కాస్త పైకి నడిచి దిగండి. భోజ్‌ఖరక్‌కు ఒకేసారి ఏడు వందల మీటర్లు ఎక్కక తప్పదు, మధ్యలో సరైన మకాం లేదు. కాబట్టి అక్కడ కూడా రెండు రాత్రులు ఉండాలి. ఆ తరువాత కేదార్‌ఖరక్, మరునాడు తెల్లవారుజామున సరస్సుకు వెళ్లి అదే రోజు కిందికి. వాతావరణం కోసం ఒక రోజు చేతిలో ఉంచుకుంటే ఇంటి నుంచి ఇంటికి 13 రోజులు పడుతుంది. మీకు ఆర్జిత సెలవులు దండిగా ఉన్నాయని రాశారు, మీ అమ్మాయికి దొరుకుతాయో లేదో అడగాలి. ఎనిమిది రోజులకు మించి ఆమెకు కుదరకపోతే ఈ ఏడాది కేదార్‌తాల్ లేదన్నమాట. బాధగానే ఉంటుంది, కానీ అప్పుడు ఆ నిర్ణయం చేసింది సెలవులే తప్ప మామయ్య కాదు, నాన్న కాదు.

దారి గురించి కూడా ఒక మాట. గంగోత్రి దాటగానే కేదార్ గంగ పక్కనే నిట్టనిలువుగా ఎక్కుడు మొదలవుతుంది. భూర్జ వృక్షాల అడవి దాటాక కొన్ని చోట్ల పాదం పట్టేంత కాలిబాట, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. కేదార్‌ఖరక్ దగ్గర ఎండెక్కితే పైనుంచి రాళ్లు దొర్లే చోట్లున్నాయి, అందుకే గైడ్లు చీకటితోనే లేపి నడిపిస్తారు. ఆ పైన సరస్సు దాకా హిమానీనదం వదిలిపోయిన రాళ్ల గుట్టలే. గంగోత్రి దాటితే ఫోను పనిచేయదు, ఊరు లేదు, ఆసుపత్రి లేదు. ఎవరికైనా ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, మెదడు వాచి అడుగు తడబడినా, ఉన్న గట్టి మందు కిందికి దిగడమే, అది కూడా వెంటనే. 96 కిలోల మనిషిని ఆ కాలిబాట మీద నలుగురు మోసుకు దిగడం ఎలా ఉంటుందో ఊహించండి.

మీ ముందున్న దారులు నాకు ఇలా కనిపిస్తున్నాయి.

ఉన్నది ఉన్నట్టుగా ముగ్గురూ వెళ్లడం ఒకటి. ఇప్పుడు ఎవరితోనూ గొడవ ఉండదు. కానీ కూతురు రాకపోవచ్చు, వస్తే మూతి ముడుచుకుని వస్తుంది. భోజ్‌ఖరక్‌లో బావమరిదిని ఆపితే ఆయన దగ్గర ఒక మనిషి ఉండాలి, ఒక గుడారం ఉండాలి, వంట ఉండాలి. అంటే మీతో పైకి వచ్చే మనుషులు తగ్గుతారు. చలి రాత్రి గుడారంలో ఒంటరిగా ఉన్న ఆయన ఆ రెండు పెగ్గులూ వేసుకోకుండా ఉంటారన్న నమ్మకం మీకు ఉందా? మద్యం, నిద్రమాత్రలు ఆ ఎత్తున ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి. ఆయన్ని మధ్యలో వదలడానికే తీసుకెళ్లడం నాకు మర్యాదగా కూడా తోచలేదు. కొండ కింద చెప్పలేని మాట కొండ మీద చెప్పడం ఇంకా కష్టం.

ఆయన్ని మాన్పించి మీరిద్దరే 13 రోజుల లెక్కన వెళ్లడం రెండోది. మీ అమ్మాయి మనసులో ఉన్నది ఇదే. దీనికి మీరు చెల్లించాల్సింది రెండు మూడు ఇబ్బందికరమైన సంభాషణలు, ఒక వైద్యుడి ఫీజు. ఎత్తు ప్రయాణాల గురించి తెలిసిన వైద్యుడికి లేహ్ రాత్రి గురించి దాచకుండా చెప్పండి, గుండె పరీక్షలు చేయించుకోండి. ఎసిటజోలమైడ్ అనే మాత్ర ముందు జాగ్రత్తగా ఇస్తుంటారు. సల్ఫా మందులు పడకపోవడం ఎప్పుడైనా జరిగితే అదీ ఆయనకు చెప్పండి. ఆ మాత్ర అలవాటు పడడానికి తోడ్పడుతుంది, ఎనిమిది రోజుల కార్యక్రమాన్ని మంచిదిగా మార్చదు. ఇన్ని చేసినా పైన మీకు మళ్లీ తలనొప్పి రావచ్చు. వస్తే ఇంకో అడుగు పైకి వేయకూడదు, రాత్రికి తగ్గకపోతే దిగాలి. అప్పుడు మీ అమ్మాయి గైడుతో ముందుకు వెళ్తుందా, మీతో దిగుతుందా? ఈ ప్రశ్నకు జవాబు విశాఖలోనే కావాలి. దాని సంగతి మళ్లీ వస్తాను.

మూడోది, సరస్సును మార్చుకోవడం. ఉత్తరకాశీ నుంచే వెళ్లే దోడితాల్ ఉంది, 3,000 మీటర్లకు కాస్త పైన. అగోడా అనే ఊరి మీదుగా అడవిలో రెండు రోజుల నడక. వినాయకుడు పుట్టిన చోటని అక్కడివారి నమ్మకం, ఒడ్డున చిన్న గుడి కూడా ఉంది. బీపీ అదుపులోకి తెచ్చుకుని, రెండు నెలలు నడిచి, వైద్యుడు సరేనంటే మీ బావమరిది గారు కూడా రాగల దారి ఇది, మీ శ్రీమతి గారు కూడా రావచ్చు. ఎనిమిది రోజుల్లో తీరికగా కుదురుతుంది. కానీ దీన్ని కేదార్‌తాల్‌కు బదులుగా మీ అమ్మాయికి అంటగట్టకండి. దోడితాల్ చెట్ల నడుమ పచ్చటి నీళ్లు, ఆమె గోడ మీది ఫొటోలో ఉన్నది 6,904 మీటర్ల తలయ్‌సాగర్ శిఖరం కింద చెట్టన్నది లేని రాతి నేల. రెండూ రెండు లోకాలు. "ఈ ఏడాది ఇది, వచ్చే మే నెలలోనో సెప్టెంబరులోనో అది" అని చెప్పి, అప్పటికి సెలవులు కూడా ఖాయం చేసుకోగలిగితేనే ఈ మాట ఎత్తండి.

నాలుగోది కుటుంబమంతా గంగోత్రి యాత్రగా వెళ్లడం. నలుగురూ ఉత్తరకాశీ, హర్సిల్, గంగోత్రి చూస్తారు. గంగోత్రి గుడి దీపావళి మరునాడు మూస్తారు కాబట్టి దసరాకు తెరిచే ఉంటుంది, చార్‌ధామ్ యాత్రికులకు తప్పనిసరి అయిన నమోదు మాత్రం ముందే చేయించుకోవాలి. అక్కడి నుంచి మీ అమ్మాయి గైడుతో, వేరే బృందంతో పైకి వెళ్తుంది. మీరు వీలైతే భోజ్‌ఖరక్ దాకా నడిచి ఆగుతారు, లేదా గోముఖ్ దారి పడతారు. అది భోజ్‌బాసా అనే మకాం దాకా 14 కిలోమీటర్లు, ఎక్కుడు తక్కువ, పడుకోవడానికి గది దొరుకుతుంది. మీ శ్రీమతి గారి భయానికి, మీ బావమరిది గారి ఉత్సాహానికి, మీ తలనొప్పికి, అన్నిటికీ చోటున్న దారి ఇదొక్కటే. అయితే "ఇద్దరం వెళ్దాం" అన్న మాట ఇందులో సగమే నిలుస్తుంది. ఆ సగం చాలో లేదో చెప్పాల్సింది ఆ అమ్మాయే. ఆమెను అడగకుండా మీ ఇంట్లో ముగ్గురు పెద్దలు ఆమె ప్రయాణాన్ని నిర్ణయిస్తున్నారన్నది కూడా ఆమె కోపంలో ఒక భాగం కావచ్చు.

నన్ను అడిగితే, సెలవులు దొరికితే రెండోది, దొరకకపోతే మూడోది. నాలుగోది ఎంచుకున్నా తప్పనను. మొదటిది మాత్రం నాకు అస్సలు నచ్చలేదు.

ఇక బావమరిది గారితో మాట. ముందు మీ శ్రీమతి గారితో మాట్లాడండి, ఆయనతో కాదు. ఆమె అడిగింది తమ్ముణ్ణి పంపమని కాదు, మీరిద్దరూ క్షేమంగా తిరిగి రావాలని. అందుకు ఆమెకు తెలిసిన కొండంత అండ తమ్ముడు. కొండ దగ్గర ఆ అండ పనికిరాదని ఆమెకు తెలియదు, తెలుసుకునే అవకాశం మీరు ఇవ్వలేదు. లేహ్ రాత్రి గురించి చెప్పండి, వైద్యుడి దగ్గరికి ఆమెను కూడా తీసుకెళ్లండి, అడగాలనుకున్నవి ఆమెనే అడగనివ్వండి. ఎనిమిది రోజుల కాగితం, 13 రోజుల కాగితం పక్కపక్కన పెట్టి చూపించండి. ఆరేళ్ల కిందటి తిండి కథను ఆమె నమ్మిందని మీరు అనుకుంటున్నారు. పాతికేళ్లు కాపురం చేసిన మనిషి గురించి నేనైతే అంత ధీమాగా ఉండను.

ఆ తరువాత మీ బావమరిది గారి ఇంటికి మీరే వెళ్లండి. శ్రావణ శుక్రవారం వరలక్ష్మీ వ్రతానికి బంధువులంతా చేరతారని రాశారు, అప్పటిదాకా ఆగకండి, ఆ సభలో అసలే వద్దు. నలుగురికీ చెప్పుకున్న ప్రయాణం నలుగురి ముందు రద్దయితే ఏ మనిషికైనా తలవంపులే. ఆయన బరువు, బీపీ, పెగ్గులు మొదటే ఎత్తకండి. "నాకు లేహ్‌లో ఇలా జరిగింది, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, వైద్యుడి దగ్గరికి వెళ్తున్నాను, నువ్వూ రా, ఇద్దరం చూపించుకుందాం" అనండి. బావ తన బలహీనత ముందు ఒప్పుకున్నాక బావమరిదికి తనది ఒప్పుకోవడం అంత కష్టం కాదు. వైద్యుడు వద్దంటే మీరు వద్దననక్కరలేదు. ఒకవేళ వైద్యుడు ఆయనకు సరేనని, మీకు వద్దంటే? అలా కూడా జరగవచ్చు, దానికీ సిద్ధపడే వెళ్లండి.

30,000 రూపాయల సంగతి దీనితో కలపకండి. మీ ఇద్దరి వాటా 20,000 ఆయనకు ఈ వారమే ఇచ్చేయండి, మిగిలిన నిర్ణయాలు ఏమైనా సరే. ఆయన డబ్బు మీ మీద ఉన్నంతకాలం మీ నోరు పెగలదు. రద్దు చేస్తే ఎంత వెనక్కి వస్తుందో, తేదీ మార్చుకోవచ్చో నిర్వాహకుణ్ణి అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. ఆయన వాటాలో కోత పడితే అది మీరు భరించడం న్యాయం, ఎందుకంటే ఆయన కట్టింది మీ ఇంటివాళ్లు పిలిస్తేనే. ఆ నిర్వాహకుడు 13 రోజుల కార్యక్రమానికి ఒప్పుకోకపోయినా, జాతీయ ఉద్యానవనం అనుమతి, గైడు, ఆక్సిజన్ సిలిండరు గురించి సూటిగా జవాబు చెప్పకపోయినా అడ్వాన్సు పోయినా సరే వేరొకరిని చూసుకోండి. బీమా కూడా అంతే, పాలసీ ఎన్ని మీటర్ల ఎత్తు వరకు వర్తిస్తుందో చదివి తీసుకోండి.

వెనక్కి తిరగడం గురించి చెబుతానన్నాను. 2024 జూన్ మొదటి వారంలో ఇదే ఉత్తరకాశీ జిల్లా నుంచి సహస్రతాల్ అనే సరస్సుకు వెళ్లిన 22 మంది బృందంలో తొమ్మిది మంది కర్ణాటక వాసులు దారిలో మంచుగాలిలో చిక్కుకుని చనిపోయారు. అది కూడా 4,000 మీటర్ల పైనున్న సరస్సే, వారూ గైడ్లతో వెళ్లినవారే. వారిని తప్పుపట్టడానికి దీన్ని తలచుకోవడం లేదు. అక్కడ వాతావరణం మారడానికి గంటలు చాలు, వెనక్కి తిరగాలా వద్దా అని గాలిలో నిలబడి తేల్చుకునే వ్యవధి ఉండదు. తుపాను వేళ రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తే మన ఫిషింగ్ హార్బరులో బోటు యజమాని, సరంగు, కళాసీలు కూర్చుని తర్జనభర్జన పడరు, ఎందుకంటే ఏ సూచికకు ఏం చేయాలో ముందే తెలుసు. మీరిద్దరూ అలాంటి సూచికలు కాగితం మీద రాసుకోండి. తలనొప్పితో పాటు వాంతి అయితే పైకి వెళ్లం. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, గీత మీద నడవమంటే తూలినా అర్ధరాత్రయినా దిగుతాం. ఎన్ని గంటలకల్లా సరస్సు చేరకపోతే తిరిగిపోవాలో గైడు ముందురోజు రాత్రే చెప్పాలి, ఆ మాటకు ఎదురు చెప్పం. నాన్న దిగితే కూతురు పైకి వెళ్లవచ్చా అన్నది కూడా ఆ కాగితంలోనే ఉండాలి. వెళ్లవచ్చంటే ఇద్దరు గైడ్లు కావాలి, ఆ ఖర్చు ముందే కలపాలి. తలనొప్పిని దాచడం మీకు ఇదివరకు అలవాటైన పని కాబట్టి, రోజూ రాత్రి మీ పరిస్థితి అడిగి రాసుకునే బాధ్యత మీ అమ్మాయికి ఇవ్వండి. పల్స్ ఆక్సీమీటరు వెంట ఉంచుకోండి, కానీ దాని అంకె బాగుంది కదా అని తలనొప్పిని కొట్టిపారేయకండి.

నేను కూడా ఒకసారి ఒక సరస్సుకు గంటన్నర దూరంలో గైడు మాట విని వెనక్కి తిరిగాను. ఆ సరస్సు ఇప్పటికీ చూడలేదు. దాని గురించి ఎవరైనా అడిగితే కింది మకాంలో తిన్న ఖిచిడీ గురించి చెబుతుంటాను.

సాధన గురించి ఎక్కువ చెప్పక్కరలేదు, నడక మీకు తెలుసు. వారానికి మూడు రోజులు వీపున ఏడెనిమిది కిలోల బరువుతో సింహాచలం మెట్లు ఎక్కి, మెట్ల మీదుగానే దిగండి, బస్సెక్కి రావద్దు. కొండల్లో మోకాళ్లు అరిగేది దిగేటప్పుడే. కొత్త బూట్లతో ఇప్పటినుంచే నడవండి. బావమరిది గారిని కూడా పిలవండి, కేదార్‌తాల్ రాకపోయినా దోడితాల్‌కో, ఆయన బీపీకో పనికొస్తుంది.

లేహ్ సంగతి మీ అమ్మాయికి మాత్రం ఫోన్లో చెప్పకండి. వ్రతానికి ఆమె ఎలాగూ వస్తుంది కదా, మరునాడు పొద్దున్నే ఇద్దరే మెట్లెక్కండి. సగం దూరంలో కూర్చుని నీళ్లు తాగేటప్పుడు చెప్పండి. చెప్పాక ఆమె ఏది ఎంచుకుంటుందో నాకు తెలియదు, మీకూ తెలియదు. ఆ మాట విన్నాకే నిర్వాహకుడికి ఫోను చేయండి.